పన్నెండు మీటర్ల తాడు

కొండ మీద నిలబెట్టిన ఫిరంగికి
మర మరకీ కొలత దొరికింది.
గొట్టం పొడవు, చక్రం చుట్టుకొలత,
రంగు ఏ డబ్బాలోదో కూడా.
కింద నీళ్లు మోసిన మా తోపుడుబండికి
ఒక్క గీత లేదు, ఒక్క అంకె లేదు.

సరయేవో ట్రాము డిపోలో
ముప్పై ఏళ్లు బ్రేకులు బిగించినవాణ్ణి.
ఇప్పుడు వంటగది బల్ల మీద, భూతద్దం కింద
ఇరవయ్యో వంతు బొమ్మలు చేస్తుంటాను.
ఎలా ఉండేదని నన్నే అడగొచ్చు మీరు.
నేనూ లాగాను. రెండు చలికాలాలు లాగాను.
చేతులకు బరువు గుర్తుంది,
కళ్లకు బండి గుర్తులేదు.
నడుం వంచి నడిచేవాడికి
తన బూట్లే కనిపిస్తాయి.

అందుకని మెట్లెక్కాను, తలుపులు తట్టాను.
నాలుగో అంతస్తు వ్లాట్కో అన్నాడు:
"మాది ఫ్రిజ్ తలుపు. కరెంటే లేనప్పుడు
ఫ్రిజ్‌కి తలుపెందుకు?"
రొట్టెల కొట్టు హైరియా అంది:
"మాది పిల్లాడి మంచుబల్ల, కింద బేరింగులు.
డిపోలో కొట్టుకొచ్చి నువ్వే ఇచ్చావు కదయ్యా!"
నా దొంగతనం నాకే గుర్తులేదు.
మందుల షాపు రజియా: "మాది చంటిపిల్ల బండి."
పిల్ల ఇప్పుడెక్కడుందని నేను అడగలేదు.
ఆమె చెప్పలేదు.
కాఫీ మాత్రం రెండోసారి పోసింది.

ఫొటో ఒక్కటే దొరికింది.
నీళ్ల కోసం వరస, మంచు, ఎవరిదో కుక్క,
అంచు దగ్గర తెగిపోయిన సగం చక్రం.
మిగతా సగం కాగితం మీద నేనే గీసుకున్నాను.

ఆరుగురు ఆరు బండ్లు చెప్పారు.
ఏ ఇంట్లో ఏది పనికిరాకుండా పోయిందో
అదే ఆ ఇంటి బండి.

చొక్కా గుండీలు చక్రాలయ్యాయి.
చేపల డబ్బా రేకు ఫ్రిజ్ తలుపయింది.
అయిదు నీళ్ల క్యాన్లు అచ్చుపోశాను.
నిండిన క్యానుకీ ఖాళీ క్యానుకీ
బయటినుంచి తేడా ఏముంటుంది?
మూడు రాత్రులు అదే గోల.
చివరికి ఇరుసును వెంట్రుకవాసి వంచాను.
నీళ్లు నిండాయి.

చప్పుడు ఎలా పెట్టాలి?
తారు మీద ఇనుము కీచుమంటే
కొండ మీద ఎవడో తల తిప్పేవాడు.
అందుకే చక్రాలకు సైకిల్ ట్యూబు చుట్టేవాళ్లం.
బుడగ రబ్బరు సన్నగా కోసి గుండీలకు చుట్టాను.
వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాను.
చప్పుడు లేదు. అమ్మయ్య అనుకున్నాను.
తర్వాత సిగ్గేసింది,
గుండీల బండి మీద ఎవడు కాలుస్తాడు?

రజియాకి చూపించాను.
కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది.
"తాడేది?"
వేలెడు దారం చూపించాను.
"దీంతోనా కూడలి దాటింది మనం?"

అప్పుడు గుర్తొచ్చింది.
తాడు కొస నడుముకి కట్టుకుని
మనిషి ముందు ఒట్టిచేతుల్తో ఉరికేవాడు.
అవతల గోడచాటుకి చేరి లాగేవాడు.
ఆ వీధిని బండి ఒక్కత్తే దాటేది,
దారి తెలిసిన గాడిదలా, తొందర లేకుండా.
తూటా తగిలితే క్యాను పోయేది.
క్యానుదేముంది!

"పన్నెండు మీటర్లు" అంది రజియా.
"మా సెనాద్ కొలిచాడు.
బట్టలారేసే తాళ్లు, నాలుగు ముళ్లు.
మూడో ముడి నేనే వేశాను, జారేది కాదు."

పన్నెండు మీటర్లలో ఇరవయ్యో వంతంటే
అరవై సెంటీమీటర్లు.
నా పీట పొడవు ముప్పై.

ప్రదర్శనశాల అమ్మాయి ఫోన్ చేసింది.
గాజుపెట్టెలో పట్టదట,
తాడు చుట్టి బండి పక్కన పెట్టకూడదా అని.
వద్దమ్మా అన్నాను.
తాడు చుట్టి ఉందంటే
ఇంకా ఎవరూ పరిగెత్తలేదని.

ఇప్పుడది మా బల్ల అంచు దాటి
నాలుగు ముళ్లతో కిందికి వేలాడుతోంది.
కొస నేలకి అందలేదు.
వంటగదిలోకి వచ్చినవాళ్లు
ఎందుకో దాన్ని తొలగి నడుస్తారు.